రెండు స్టాపుల ముందే చెప్పండి

నేను ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులో కండక్టర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం చీరాల, ఒంగోలు రోడ్డు మీదే గడిచింది. వేటపాలెం జీడిపప్పు సంచులు, చీరాల మగ్గాల మీంచి దిగిన చీరల మూటలు, చినగంజాం దగ్గర కిటికీలోంచి కొట్టే ఉప్పుగాలి, ఇవన్నీ నాకు ఇంటి సామానంత అలవాటు. మొన్న మా చెల్లెలి కొడుకు ఒంగోల్లో కాలేజీలో చేరాడు. వారం రోజులు బస్సులో తిరిగొచ్చి, "పెద్దమ్మా, మీ కండక్టర్లు, డ్రైవర్లు ఎప్పుడూ ఎందుకలా కస్సుమంటారు?" అని అడిగాడు. అన్నం పెడుతూ వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

నేను చూసినంతలో బస్సు గొడవల్లో చాలావాటికి మూలం ఒక్కటే, చెప్పాల్సిన మాట ఆలస్యంగా చెప్పడం. స్టాపు దాటాక "ఆపండి ఆపండి" అంటారు. కాలు కింద పెడుతూ "నా చిల్లర?" అంటారు. టికెట్ కొట్టాక "అయ్యో, అక్కడికి కాదమ్మా" అంటారు. అదే మాట ఐదు నిమిషాల ముందు చెబితే ఎవరికీ బీపీ పెరగదు.

ఎక్కే ముందు

చెయ్యెత్తితే పల్లెవెలుగు ఆగుతుంది. కానీ ఆ చెయ్యి డ్రైవరుకి కనపడాలి కదా. చెట్టు కింద ఫోన్ చూసుకుంటూ నిలబడి, బస్సు మీదికొచ్చాక చెయ్యి ఊపితే లాభం లేదు. నిండుగా ఉన్న బస్సు దాదాపు 15 టన్నుల బరువుంటుంది. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 16 మీటర్లకు పైగా పోతుంది. డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే బస్సు మిమ్మల్ని దాటేస్తుంది. "గట్టిగా నొక్కొచ్చుగా" అంటారు. నొక్కితే లోపల నిలబడ్డవాళ్లందరూ వచ్చి నా మీద పడతారు. బస్సు దూరంగా కనపడగానే రోడ్డు అంచుకి వచ్చి చెయ్యి చాపండి. అంచుకే, రోడ్డు మధ్యకు కాదు.

రాత్రిపూట చాలామంది సెల్‌ఫోన్ టార్చి నేరుగా డ్రైవరు మొహం మీద వేస్తారు. ఆ రెండు క్షణాలు ఆయనకి రోడ్డే కనపడదు. లైటు మీ మీద మీరే వేసుకోండి. మనిషి కనపడితే చాలు.

ఇక కర్చీఫు సంగతి. కిటికీలోంచి సీటు మీద కర్చీఫు వేసి ఆపుకోవడం మనకు చిన్నప్పటినుంచీ ఉన్నదే. దీనికి ఏ రూల్ బుక్కూ లేదు, నేను అలవాటు మాన్పించలేను కూడా. నా లెక్క ఒకటుంది. మనిషికో కర్చీఫు, మనిషికో సీటు. ఒక్కడే వచ్చి కర్చీఫు, టిఫిను డబ్బా, రికార్డు బుక్కు, చెప్పుల కవరు వేసి నాలుగు సీట్లు ఆపితే నేను ఒప్పుకోను. ఒకసారి ఒకే సీటు మీద రెండు కర్చీఫులు పడ్డాయి. ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకునేదాకా వెళ్లారు. ఈలోపు మనవణ్ని చంకనేసుకుని ఒక ముసలమ్మ ఎక్కింది. ఆమెను ఆ సీట్లో కూర్చోబెట్టి, రెండు కర్చీఫులూ తీసి ఎవరిది వాళ్లకిచ్చాను. ఇద్దరూ ఒక్క మాట అనలేదు.

చిల్లర

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే మా మీద వచ్చే తిట్లలో సగం దీనికే.

పొద్దున్నే డ్యూటీకి బయల్దేరేటప్పుడు మా సంచిలో ఉండే చిల్లర చాలా తక్కువ. మిగతాదంతా మీ దగ్గర్నుంచి మీకే తిరగాలి. మొదటి ట్రిప్పులో మొదటి పది మందీ 500 నోట్లు తీస్తే నేనెక్కణ్నుంచి తెచ్చేది? పెద్ద నోటే ఉంటే ఎక్కగానే ఆ మాట చెప్పండి. "అమ్మా, ఐదొందలు తప్ప లేవు, దిగేలోపు చూడండి" అంటే చాలు, నా ప్రాణం కుదుటపడుతుంది. మీరు దూరం వెళ్లేవాళ్లయితే మూడు ఊళ్లు దాటేలోపు ఎలాగూ చిల్లర పోగవుతుంది. దగ్గర్లో దిగేవాళ్లయితే ఎక్కేముందే పక్కన బడ్డీకొట్లో మార్చుకోండి. మొబైల్‌తో కడతారా, కట్టండి. అయితే ఊరు దాటి పొలాల్లో పడ్డాక సిగ్నల్ ఉండదు. "తిరుగుతా ఉందమ్మా" అని ఫోన్ నాకు చూపించినంత మాత్రాన డబ్బు రాదు.

టికెట్ వెనకాల పెన్నుతో రాసి గుండ్రంగా చుడతామే, అది మీకు మేము రాసిచ్చిన బాకీ. ఆ టికెట్ నలిపి కిటికీలోంచి పారేస్తే బాకీ కూడా పోయినట్టే. రోజుకి వందల మంది, ఎవరికి ఎంతివ్వాలో మొహం చూసి గుర్తుపెట్టుకోలేను. దిగడానికి రెండు స్టాపుల ముందు ఆ టికెట్ పట్టుకుని నా దగ్గరికి రండి. బస్సు ఆగాక, మెట్ల మీద నిలబడి అడిగితే వెనక పదిమంది ఆగిపోతారు, నేనూ కంగారులో తప్పు లెక్క ఇస్తాను. నష్టం మీకో నాకో, ఎవరికో ఒకరికి తప్పదు.

ఇద్దరికి కలిపి ఒకే నోటు ఇచ్చి "దిగాక పంచుకోండి" అంటే కొందరికి కోపం. కోపం న్యాయమే. కానీ వేరే దారి లేనప్పుడే అలా చేస్తాం. ఒకే స్టాపులో దిగేవాళ్లనే జత కలుపుతాను. మీరు ముందు దిగేవాళ్లయితే అప్పుడే చెప్పేయండి. వేటపాలెంలో ఒకసారి ఇలాగే ముక్కూమొహం తెలియని ఇద్దరికి యాభై నోటు ఇచ్చాను. దాన్ని విడగొట్టడానికి ఇద్దరూ టీ కొట్టుకి వెళ్లారట. ఆ తర్వాత ఆ బస్సులో వాళ్లిద్దరూ ఎప్పుడూ ఒకే సీట్లో కూర్చునేవారు, నాకు దణ్ణం పెట్టి మరీ.

అలాగని మావైపు తప్పు లేదనను. ఐదు రూపాయలే కదా అని ఇవ్వకుండా ఊరుకునే కండక్టర్లు ఉన్నారు. ఆ ఐదు మీవి, అడగండి. "మేడం, నాకు ఐదు రావాలి" అంటే సరిపోతుంది. "తినేద్దామనుకున్నావా" అని మొదలుపెడితే మాత్రం ఇవ్వాలనుకున్న చెయ్యి కూడా ఆగుతుంది.

సున్నా టికెట్

మాకు, అంటే ఆంధ్రప్రదేశ్‌లో, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది, ఆడవాళ్లకు బస్సులో ఉచిత ప్రయాణం. తెలంగాణలో ఇలాంటిదే మహాలక్ష్మి 2023 డిసెంబరు 9నే మొదలైంది కాబట్టి, అక్కడి మా తోటివాళ్లు ఈ రద్దీని మాకంటే ముందే చూశారు. పొద్దున్నే బోణీ ఇప్పుడు సున్నాతోనే. మొదట్లో మనసు చివుక్కుమనేది, ఇప్పుడు నవ్వొస్తుంది.

అమ్మలూ, అక్కలూ, డబ్బు కట్టక్కర్లేకపోయినా టికెట్ తీసుకోవాల్సిందే. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం సంస్థకు డబ్బిస్తుంది. మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కి, టికెట్ లేని ఆడమనిషి కనపడితే సంజాయిషీ రాసుకోవాల్సింది నేను. ఆధార్ కార్డో ఓటరు కార్డో నేను దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఉంచండి. హ్యాండ్‌బ్యాగు అడుగున, టిఫిను డబ్బా కింద, ప్లాస్టిక్ కవర్లో మడిచిన కార్డు కోసం బస్సు సగం దూరం వెతికిన సందర్భాలున్నాయి.

మగవాళ్లలో కొందరు "డబ్బు కట్టినవాడికి సీటు లేదు" అని సణుగుతారు. నిలబడి నిలబడి కాళ్లు లాగితే ఎవరికైనా చిరాకే, కాదనను. కానీ ఆ చిరాకు పక్కన కూర్చున్న కూలికెళ్లే ఆవిడ మీద చూపిస్తే ఎలా? మా సిబ్బందిలోనూ "ఫ్రీ వాళ్లు" అని పిలిచేవాళ్లున్నారు. నేను ఆ మాట మానేశాను. ఆడవాళ్లకు కూడా ఒక మాట: మీ సీట్లు నిండి, వెనక సీట్లో ముసలాయన కూర్చుని ఉంటే ఆయన్ని లేపకండి. ఆయన సీటు ఆయనది.

డ్రైవరు

డ్రైవరుతో మాట్లాడరాదు అని బోర్డు ఉంటుంది. అందరూ చదువుతారు, చదివి మాట్లాడతారు. ఊరు ఎప్పుడొస్తుందో నన్నడగండి, ఆయన్ని వదిలేయండి. బానెట్ మీద కూర్చున్నప్పుడు సంచి గేరు రాడ్ వైపు జరగకుండా ఒళ్లో పెట్టుకోండి. స్పీకరు పెట్టి రీల్స్ చూడకండి. వెనకనుంచి హారన్ కొట్టేవాడి చప్పుడు ఆయనకి వినపడాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఎడమ అద్దం. ముందు డోరు దగ్గర, మెట్ల మీద మనుషులు నిలబడితే డ్రైవరుకి ఆ అద్దం కనపడదు. అందులోనే ఆయన దిగేవాళ్లని చూసేది, సందులోంచి దూరే బైకుల్ని చూసేది. "లోపలికి జరగండి" అని నేను రోజుకి వందసార్లు అరిచేది దానికే.

నా తప్పు ఒకటి చెబుతాను. సర్వీసులో కొత్తగా ఉన్న రోజుల్లో ఒక స్టాపులో, డబ్బులు లెక్కపెట్టుకుంటూ తలెత్తకుండానే "రైట్ రైట్" అనేశాను. కూరగాయల గంపతో ఒకావిడ ఇంకా మెట్టు మీదే ఉంది. బస్సు కదల్లేదు. మా డ్రైవరు పెద్దాయన, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని, అద్దంలో ఆవిడని చూశాడు. జనం ముందు నన్నొక్క మాట కూడా అనలేదు. ఒంగోల్లో టీ తాగుతూ మాత్రం, "అమ్మాయ్, డబ్బులెక్కడికీ పోవు. ముందు కాళ్లు చూడు" అన్నాడు. ఆ రోజు మెట్ల మీద ఇంకో ఇద్దరు కుర్రాళ్లు వేలాడుతూ ఉంటే ఆయనకి ఆవిడ కనపడేది కాదు.

డ్రైవర్ల గురించి మీకు తెలియంది ఇంకొకటి. లీటరు డీజిల్‌కి బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో డ్రైవరు పేరు మీద లెక్క ఉంటుంది. స్టాపులో ఆపి, యాభై అడుగులు పోనిచ్చాక "మా ఇంటి దగ్గర ఇంకోసారి" అంటే ఆయన విసుక్కునేది మీ మీద పగతో కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే నాతో ముందే చెప్పండి, స్టాపులో కాకుండా ఆ ఇంటి దగ్గరే ఒక్కసారి ఆపిస్తాను. రెండుసార్లు మాత్రం వద్దు.

దిగేటప్పుడు డ్రైవరు వైపు చూసి "వస్తానన్నా" అని చెయ్యెత్తేవాళ్లు మా రూట్లో కొందరున్నారు. ఆయన తల తిప్పడు, చూపు రోడ్డు మీదే ఉంటుంది. హారన్ చిన్నగా ఒకసారి మోగిస్తాడు. అదే జవాబు.

బస్సు ఐదు నిమిషాలు ఆగితే

చివరి స్టాపులో మేమిద్దరం దిగి వెళ్తే, "టీలు తాగడానికి దొరికింది టైము" అని వెనకనుంచి వినపడుతుంది. చాలా చోట్ల అక్కడ బాత్రూం ఉండదు. మగవాళ్లు ఎలాగో ఒకలా కానిస్తారు. ఆడ కండక్టరు ఎవరో ఒకరి ఇంటి తలుపు తట్టాలి. తట్టలేక పొద్దుణ్నుంచి నీళ్లు తాగకుండా డ్యూటీ చేసిన రోజులు నాకున్నాయి. ఒక ఊళ్లో కిరాణా కొట్టు ఆవిడ ఆరేళ్లు తన ఇంటి వెనక తలుపు తాళం నాకోసం తీసి ఉంచింది. నేను అడక్కముందే ఒకరోజు ఆవిడే పిలిచింది, "ఏమ్మా, కాళ్లు కడుక్కుంటావా" అని. ఆవిడ బస్సెక్కితే నేను నిలబడి నా సీటు ఇచ్చేదాన్ని.

గొడవ ముదిరితే

వీడియో తీయడానికి ముందు బస్సు నంబరు, టైము రాసుకోండి. టికెట్ జాగ్రత్తగా ఉంచుకోండి. డిపో మేనేజర్‌కి ఆ టికెట్ చూపిస్తే ఆ రోజు ఎవరు డ్యూటీలో ఉన్నారో తేలిపోతుంది. చెయ్యి మాత్రం చేసుకోకండి. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మేము ప్రభుత్వ ఉద్యోగులం, కేసు గట్టిదవుతుంది. మాలో ఎవరైనా మీతో మంచిగా ఉంటే అది కూడా డిపోకి చెప్పొచ్చు. నా ఇరవై రెండేళ్లలో అలా వచ్చింది ఒకే ఒక్క కార్డు, రిటైరైన మాస్టారు రాసింది. బీరువాలో పట్టుచీర కింద దాచుకున్నాను.

వస్తువు మర్చిపోయినా టికెట్టే ఆధారం. అది పట్టుకుని అదే రోజు డిపోకి రండి. గొడుగులు, కళ్లజోళ్లు, పిల్లల షూ ఒకటి (రెండోది ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది), టిఫిను డబ్బాలు అన్నీ అక్కడికే చేరతాయి. డబ్బా అయితే కడిగి ఉంచుతాం. అందులో ఉన్న గోంగూర పచ్చడి ఏమైందని మాత్రం అడగకండి.