లేఖనానికి చరిత్ర సాక్ష్యం ఎంతుందో చూసుకోవడం ఎలా

గుంటూరులో మా చర్చి యూత్ పిల్లలు ఆరాధన అయ్యాక ఫోన్లు తీసి చూపించే మెసేజీలు రెండు రకాలు. తవ్వకాల్లో బైబిల్ అంతా రుజువైపోయిందని ఒకటి, అంతా కట్టుకథేనని ఇంకొకటి. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి "నిజమేనా టీచర్‌గారూ" అంటూ నా దగ్గరికే వస్తారు. నేను విశ్వాసిని. అందుకే ఈ ప్రశ్నను తేలిగ్గా వదలను. వాళ్లతో చేయించే పద్ధతి ఇది.

గ్రంథం మొత్తాన్ని ఒకేసారి తలకెత్తుకోకండి. పేరు, ఊరు, కాలం ఉన్న ఒక్క వచనం తీసుకోండి. లూకా సువార్త మూడో అధ్యాయం మొదటి వచనం చాలా అనువైనది. రోమ్ చక్రవర్తి తిబెరి కైసరు ఏలుబడి పదిహేనో ఏట యూదయకు పొంతి పిలాతు అధిపతి అని అందులో ఉంది.

ఇప్పుడు ఆ గ్రంథానికి బయట సాక్ష్యం వెతకండి. ఎవరు తవ్వారు, ఏ సంవత్సరం, ఆ వస్తువు ఇప్పుడెక్కడుంది? పిలాతు విషయంలో మూడింటికీ జవాబుంది. 1961లో ఇటలీ పురావస్తు బృందం ఇప్పటి ఇజ్రాయెల్ తీరంలోని కైసరయలో రోమన్ల నాటకశాలను తవ్వుతుంటే, మెట్టుగా వాడేసిన సున్నపురాయి ఒకటి దొరికింది. ఇప్పుడు యెరూషలేములో ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. ఫోటో పెద్దది చేసి చూడండి. ఎడమ పక్క అక్షరాలు చాలా వరకు పోయాయి. పై వరుసలో తిబెరి పేరు మీద కట్టిన కట్టడం, దాని కింద "తియుస్ పిలాతుస్", ఆ కింద యూదయ అధిపతి అనే హోదాలో కొంత ముక్క. ఎర్రసముద్రంలో ఫరో రథచక్రాలు దొరికాయనే మెసేజీని కూడా ఇవే మూడు ప్రశ్నలు అడగండి. ఏ మ్యూజియంలోనూ ఆ చక్రం లేదు.

రాయి ఎంత చెప్పిందో అంతే రాసుకోండి. పిలాతు ఉన్నాడు, అధికారంలో ఉన్నాడు. అతని చేతిలోనే క్రీస్తుకు మరణశిక్ష పడిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సుమారు 116లో రాశాడు. అంటే చరిత్ర మనల్ని సిలువ దాకా తీసుకెళ్తుంది. మూడో రోజు యేసు తిరిగి లేచిన సంగతి తవ్వకాల్లో దొరికేది కాదు. శిష్యులు దాన్ని నమ్మి ప్రకటించారనడానికి పౌలు సుమారు 55లో కొరింథీయులకు రాసిన ఉత్తరం ఉంది. ఆ నమ్మకం అంత తొందరగా మొదలైందని చెప్పొచ్చు. ఆ పైన నేను నమ్మేది విశ్వాసంతోనే, పిల్లలకు కూడా అలాగే చెబుతాను.

మనకు ఇబ్బంది పెట్టేవీ రాయాల్సిందే. యేసు పుట్టినప్పుడు సిరియాకు రోమన్ అధిపతి అయిన కురేనియు కాలపు జనాభా లెక్కింపు జరిగిందని లూకా అంటాడు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ లెక్కన అది క్రీ.శ. 6. హేరోదు రాజు బతికుండగానే యేసు పుట్టాడని మత్తయి అంటాడు, ఆ హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది పండితుల మాట. సర్దిచెప్పే ప్రయత్నాలు చాలానే వచ్చాయి, నాకు ఏదీ పూర్తిగా ఆనలేదు.

పక్కవాళ్ల మతాన్నీ మన మతాన్నీ ఒకే తూకపురాయితో తూయాలి. రేపల్లె రైలెక్కితే భట్టిప్రోలు స్తూపం చూసి రావొచ్చు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు బయటికి తీశాడు. పెట్టెల మీది బ్రాహ్మీ అక్షరాల్లో బుద్ధుని ధాతువుల, అంటే శరీర అవశేషాల, ప్రస్తావన ఉంది. క్రీస్తుకు ముందే ఈ కృష్ణా తీరంలో జనం ఆ ధాతువులను పూజించారని దాంతో తేలింది. అవి బుద్ధుడివేనా అన్నది శాసనంతో తేలదు.

ఈ ఆదివారానికి పిల్లలకు ఇచ్చిన పని రెండో రాజుల గ్రంథం 18వ అధ్యాయం. యూదా రాజు హిజ్కియా అష్షూరు రాజు సన్హెరీబుకు కట్టిన కప్పం, హీబ్రూ మూలం లెక్కలో, 300 తలాంతుల (తలాంతు అంటే పాతకాలపు తూకం) వెండి, 30 తలాంతుల బంగారం. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ సన్హెరీబు మట్టి శాసనంలో బంగారం అదే 30, వెండి మాత్రం 800. హిజ్కియా రాజధాని యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం సన్హెరీబు ఎక్కడా అనలేదు. రెండు కథనాలూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలిశాయో ఎక్కడ తేడా వచ్చిందో, ఎవరికి ఏం గొప్ప చెప్పుకోవాల్సి వచ్చిందో ఒక పేజీ రాసి తెమ్మన్నాను.