నాలుగు వ్యర్థాలతో ఒక ఇటుక: కార్బైడ్ సున్నం, జిప్సం కలిపి బూడిద ఇటుకల తయారీ

థర్మల్ కేంద్రం బూడిద, అసిటిలీన్ గ్యాస్ ప్లాంటు పారేసే కార్బైడ్ సున్నం, ఎరువుల ఫ్యాక్టరీ ఫాస్ఫోజిప్సం, క్రషర్ దగ్గర గుట్టపడే రాతి పొడి. ఈ నాలుగూ ఉంటే బట్టీ, సిమెంటు అక్కర్లేదు. విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ రూపొందించిన ‘ఫాల్-జి’ పద్ధతిలోనూ బూడిద, సున్నం, జిప్సమే అసలు సరుకు.

ఒక వాయికి 200 కిలోల పొడి సరుకు: బూడిద 120, రాతి పొడి 50, సున్నం 20, జిప్సం 10. 230×110×75 మి.మీ. ఇటుకలు సుమారు 65 వస్తాయి.

ఈ లెక్క చాలామందికి తెలుసు. దెబ్బ తినేది సున్నం తూకంలో. కార్బైడ్ సున్నం బురదగా వస్తుంది. దాన్ని అలాగే 20 కిలోలు తూస్తే సగం నీళ్లే తూసినట్టు. లోడు రాగానే ఒక కిలో తీసి పెనం మీద పూర్తిగా ఆరబెట్టి మళ్లీ తూయండి. 600 గ్రాములు తేలితే, 20 కిలోల సున్నానికి 33 కిలోల బురద వేయాలి. అందులోనే 13 లీటర్ల నీళ్లు ఉన్నాయి. వాయికి మొత్తం 20 లీటర్లు చాలు కాబట్టి పైన పోసేది ఏడే. ఇది మరిచి పైపు తిప్పేస్తే ఇటుక అచ్చుకు అంటుకుంటుంది, పక్కలు ఉబ్బుతాయి. (బూడిద తడిగా వస్తే దాని లెక్కా ఇందులోంచే తీసేయాలి.) తాజా బురదలో మిగిలిన కార్బైడ్, మండే అసిటిలీన్ గ్యాస్‌ను వదులుతుంది. గాలి ఆడేచోట పోయండి, దగ్గర బీడీ కూడా వెలిగించకూడదు. వాడేముందు జల్లెడ పట్టండి. ఉడకని సున్నపు గడ్డ ఒక్కటి మిగిలినా, గోడ కట్టాక ఉబ్బి ఇటుకను పగలగొడుతుంది.

ఫాస్ఫోజిప్సంలో ఆమ్లం మిగిలి ఉంటుంది, అది గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుంది. నీళ్లలో కలిపి నీలి లిట్మస్ కాగితం ముంచండి. ఎర్రబడితే కడగాలి, లేదా కొంచెం సున్నం కలిపి ఉంచాలి. జిప్సం మానేస్తే మాత్రం తొలి రోజుల్లో ఇటుక ఎత్తితేనే అంచులు రాలతాయి.

బూడిద ఈఎస్‌పీ (థర్మల్ కేంద్రం పొగలోంచి బూడిదను పట్టే యంత్రం) నుంచి వచ్చిన సన్నని పొడి అయితే మేలు. నీళ్లతో కలిపి చెరువులోకి వదిలిన బూడిద (చెరువు బూడిద) ముతక, సున్నంతో అంతగా కలవదు. దాన్ని రాతి పొడిలో కొంత భాగానికి బదులుగా వాడుకోవచ్చు.

పాన్ మిక్సర్‌లో ముందు బూడిద, సున్నం, జిప్సం రెండు నిమిషాలు తిప్పి, తర్వాత రాతి పొడి, చివర్లో నీళ్లు. పిడికిట నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. అప్పుడే ప్రెస్‌కి పంపండి.

మట్టి ఇటుకల పని నుంచి వచ్చినవాళ్లు అలవాటుకొద్దీ వీటిని ఎండలో పెడతారు. ఇది ఎండితే గట్టిపడే ఇటుక కాదు, తడిలో గట్టిపడేది. రెండు రోజులు నీడలో ప్యాలెట్ల మీదే గోనెపట్టా కప్పి ఉంచండి. తర్వాత పేర్చి, రోజుకు మూడుసార్లు చొప్పున 21 రోజులు తడపండి. డిసెంబరు, జనవరి చలిలో ఇంకో వారం.

28 రోజులు దాటాక, లోడు ఎత్తేముందు ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూయండి. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటితే ఆ వాయి ఇటుకలు అమ్మొద్దు.