అమెరికా సైన్యంలో భాషా పరీక్షకు ముందు జాగ్రత్తలు

గ్రీన్ కార్డుతో అమెరికా సైన్యంలో కొత్తగా చేరబోయే మన కడప, కర్నూలు ప్రాంతాల యువతీయువకులు, డీల్యాబ్, డీఎల్‌పీటీ అనే రెండు భాషా పరీక్షల్లో తాము రాయవలసినది ఏదో రిక్రూటర్‌ను (సైన్యంలో చేర్చుకునే అధికారిని) అడిగి ముందే రూఢి చేసుకోవాలి. డీల్యాబ్ పరీక్ష కల్పిత భాష ఒకదాన్ని ముందుంచి కొత్త భాష నేర్చుకునే సామర్థ్యాన్ని కొలుస్తుంది కనుక దానికి పదజాలం బట్టీ పట్టడం వృథా. నామవాచకం, క్రియ, విశేషణం వంటి వ్యాకరణ మూలాలను సరిచూసుకుని, రాత్రి కంటినిండా నిద్రపోవడం మేలు.

డీఎల్‌పీటీ సంగతి వేరు. ఇప్పటికే వచ్చిన భాషలో విని అర్థం చేసుకోవడాన్ని (వినికిడి), చదివి అర్థం చేసుకోవడాన్ని (పఠనం) అది విడివిడిగా పరీక్షిస్తుంది. కడప వీధుల్లో, ఇరుగుపొరుగు ఇళ్లలో విని నేర్చిన ఉర్దూ వినికిడి భాగంలో కొంత అక్కరకు రావచ్చు గాని, అక్కడ వినిపించేది ఎక్కువగా వార్తల్లో వినిపించేలాంటి ప్రామాణిక ఉర్దూయే తప్ప మన దక్కనీ కాదు. ఇక లిపి రానివారు పఠన భాగంలో ఏమీ చేయలేరు. అందుచేత లిపి చదవడం పట్టుబడేదాకా, నిత్యం ఉర్దూ వార్తలు వినడం అలవాటయ్యేదాకా ఈ పరీక్షకు తొందరపడరాదు. తప్పితే తిరిగి రాయడానికి సాధారణంగా 6 నెలలు ఆగవలసి వస్తుంది.

పరీక్ష మొదలయ్యే ముందే హెడ్‌ఫోన్లు సరిగా వినిపిస్తున్నాయో లేదో చూసుకుని, లోపముంటే అప్పుడే పర్యవేక్షకునికి చెప్పాలి. రహస్య సమాచారంతో ముడిపడిన భాషా ఉద్యోగాలకు మార్కులతోపాటు అమెరికా పౌరసత్వం కూడా అవసరమని, గ్రీన్ కార్డు ఒక్కటే చాలదని గుర్తించాలి.