జెడ్-స్కాన్‌లో వంకర లోయ

మే నెల తిరుపతి ఎండలో, ఏసీ ఆపసోపాలు పడుతున్న ల్యాబులో, 25 బంగారు పరమాణువుల క్లస్టర్లను టోలీన్‌లో కలిపి జెడ్-స్కాన్ చేస్తున్నాను, అంటే నమూనాను లేజరు ఫోకస్ గుండా మెల్లగా జరుపుతూ, దాన్ని దాటి వచ్చే కాంతిని కొలుస్తున్నాను. 532 నానోమీటర్ల పచ్చటి లేజరు, సెకనుకు 10 పల్స్‌లు. కాంతి తీవ్రత పెరిగేకొద్దీ ఈ క్లస్టర్లు ఎక్కువ కాంతిని మింగుతాయి కాబట్టి, ఫోకస్ దగ్గర దాటి వచ్చే కాంతి పడిపోయి, గ్రాఫులో రెండు వైపులా సమమైన లోయ రావాలి. నాకేమో ముందు చిన్న గుట్ట, ఆ తరువాత వంకర లోయ! నాలుగు నెలల పని గోవిందా అనుకున్నాను.

క్లస్టర్లు చెడిపోయాయేమోనని ఏ రంగు కాంతిని ఎంత మింగుతాయో చూపే శోషణ వర్ణపటం తీశాను. 680 నానోమీటర్ల దగ్గరి శిఖరం చెక్కుచెదరలేదు.

అప్పుడు డిటెక్టర్ ముందు తెల్ల కాగితం పట్టి చూశాను. నమూనా ఫోకస్ దాటగానే పచ్చటి మచ్చ ఉబ్బి, డిటెక్టర్ మీదికి కాంతిని పోగుచేసే కటకం అంచు దాటిపోతోంది. వేడెక్కిన టోలీన్ వక్రీభవన గుణకం తగ్గి, ద్రవమే కాంతిని విప్పార్చే పుటాకార కటకంలా పనిచేస్తోంది. డిటెక్టర్‌కు చేరనిదంతా శోషణ లెక్కలో పడుతోంది.

కటకాన్ని పెద్దది పెట్టి దగ్గరికి జరిపాను, పల్స్‌లను మధ్యలో ద్రవం చల్లారేలా సెకనుకు ఒకటికి తగ్గించాను. స్కాన్‌కు గంటపైనే పట్టింది, విసుగే. లోయ మాత్రం సమంగా వచ్చింది, మునుపటి కంటే లోతు తక్కువగా.