మిది కాలువ వెంట సైకిల్ యాత్రకు ముందు జాగ్రత్తలు

ద్రాక్ష కోతల కాలంలో, అంటే సెప్టెంబరులో, దక్షిణ ఫ్రాన్సులోని తులూజ్ నుంచి సెత్ వరకు 240 కిలోమీటర్ల మిది కాలువ గట్టున సైకిల్ తొక్కదలచినవారు ఇవి చూసుకోవాలి.

వైన్ రుచి చూడడాన్ని ఆ రోజు ప్రయాణం ముగిశాకే పెట్టుకోండి. లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ అన్న పరిమితి అక్కడ సైకిలిస్టులకూ వర్తిస్తుంది. జరిమానా కన్నా పెద్ద ప్రమాదమేమిటంటే, చాలాచోట్ల గట్టుకూ నీటికీ మధ్య కంచె ఏదీ ఉండదు.

సన్నని రేసింగ్ టైర్లతో వెళ్లకండి. తులూజ్ దాటాక సుమారు 50 కిలోమీటర్లు నున్నని తారుబాట ఉంటుంది కనుక మొదటి రోజు సుఖంగా సాగి దారంతా ఇలాగే ఉంటుందన్న భ్రమ కలుగుతుంది. ఆ తరువాత మట్టిబాట, పైకి లేచిన ప్లేన్ అనే పెద్ద నీడచెట్ల వేళ్లు, వానపడితే బురద ఎదురవుతాయి.

ఫ్రాన్సు హైస్పీడ్ రైలైన టీజీవీలో సైకిల్‌కు చోటు ముందే రిజర్వు చేసుకోండి, ఎందుకంటే అటువంటి స్థలాలు కొన్నే ఉంటాయి.

నీళ్లు ఎక్కువగా తీసుకెళ్లండి. శిలీంధ్ర తెగులు సోకిన ప్లేన్ చెట్లను వేల సంఖ్యలో నరికివేయడంతో, ఒకప్పుడు పందిరిలా నీడనిచ్చిన గట్లు కొన్నిచోట్ల ఎండలో మిగిలాయి. చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఆగ్నేయం నుంచి వీచే ఓతాన్ గాలి సెత్ వైపు వెళ్లేవారికి ఎదురవుతుంది. అది బలంగా ఉన్న రోజున దూరం తగ్గించుకోండి.

ఆదివారం మధ్యాహ్నం పల్లెల్లో దుకాణాలు మూసి ఉంటాయి, కనుక ఆహారం శనివారమే కొనుక్కోవాలి.