దైవభక్తి ఉన్నవాళ్లు సెక్యులరిజాన్ని సమర్థించవచ్చా? ఎవరికి వారే తేల్చుకునే పద్ధతి

సెక్యులరిజం మాట ఎత్తగానే దేవుణ్ణి నమ్మేవాళ్లలో చాలామందికి ఒక ఇరకాటం మొదలవుతుంది. ఒప్పుకుంటే భక్తి సన్నగిల్లినట్టేమో, కాదంటే మతమౌఢ్యం ముద్ర పడుతుందేమో అని. ఆ రెండు భయాలూ పక్కన పెట్టి కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే ఒక సాయంత్రంలో చాలావరకు తేలిపోయే సంగతి ఇది. ఎక్కువమంది భక్తులకు ఈ రెండూ హాయిగా కలిసి నడుస్తాయి. కొన్ని నమ్మకాలకు మాత్రం నిజంగానే పొసగదు. మీ సంగతి ఏమిటో కింది పద్ధతిలో చూసుకోండి.

ముందు ప్రశ్నను సరిచేసుకోండి

సెక్యులరిజం ప్రభుత్వానికి పెట్టే షరతు. అందులో మూడు ముక్కలున్నాయి. ప్రభుత్వం ఏ మతం పక్షమూ వహించకూడదు. నమ్మడానికి, నమ్మకపోవడానికి, మతం మారడానికి, మానేయడానికి ప్రతి మనిషికీ స్వేచ్ఛ ఉండాలి. ఏ మతస్థులైనా, ఏ మతమూ లేనివాళ్లైనా పౌరులుగా సమానం. దేవుడు ఉన్నాడా లేడా అన్నదాని గురించి ఇందులో ఒక్క మాట లేదు.

ఈ పేరును 1851లో వాడుకలోకి తెచ్చిన జార్జ్ హోలియోక్ దేవుణ్ణి నమ్మేవాడు కాదు. ఇది నాస్తికుల సరుకు అన్న అపోహకు అదొక కారణం. కానీ ఆ పేరు పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందే ఆ పని మొదలుపెట్టినవాళ్లలో గాఢమైన భక్తులున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ పాలకులు వెళ్లగొట్టిన మతబోధకుడు రోజర్ విలియమ్స్ 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు స్థాపించి, మనిషి ఆరాధన జోలికి అధికారులు రాకూడదన్నాడు. 1801లో డాన్‌బరీ ప్రాంతపు బాప్టిస్టులు (ఒక క్రైస్తవ శాఖవాళ్లు) అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరం రాసింది కూడా భక్తి తగ్గి కాదు. వాళ్లుండే కనెటికట్ రాష్ట్రంలో వేరే చర్చికి ప్రభుత్వ గుర్తింపు ఉండేది, తమ మతస్వేచ్ఛ హక్కుగా కాక ప్రభుత్వం పెట్టిన భిక్షగా మిగిలిందని వాళ్ల బాధ. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న ప్రసిద్ధమైన మాట 1802లో ఆ ఉత్తరానికి వచ్చిన జవాబులోదే.

మూడు గడుల కాగితం

ఒక కాగితాన్ని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో నా మతం ప్రకారం నేను చేసేవి, చేయనివి. రెండో గడిలో ఇష్టపడి చేరినవాళ్ల మధ్య మా సమాజం పాటించేవి. మూడో గడిలో చట్టం ద్వారా అందరిచేతా పాటింపజేయాలని నేను కోరుకునేవి. పది పదిహేను అంశాలు రాస్తే చాలు.

ఉపవాసాన్నే తీసుకోండి. ఆ రోజు నేను తినను అన్నది మొదటి గడి. మా ప్రార్థనా స్థలంలో ఆ రోజు వంట ఉండదు అన్నది రెండోది. ఆ రోజు ఊళ్లో ఎవరూ తిండి అమ్మకూడదు, అమ్మితే జరిమానా వేయాలి అన్నది మూడోది. నమ్మకం ఒకటే, గడి మారేకొద్దీ దాని స్వభావం మారిపోయింది. మొదటి రెండు గడుల్లో ఉన్నవాటిని సెక్యులరిజం ముట్టుకోకపోవడమే కాదు, కాపాడుతుంది. తకరారంతా మూడో గడిలోనే. రాయడం పూర్తయ్యాక చాలామందికి మొదటి గడి నిండుగా, మూడోది దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. అలాంటివాళ్ల విషయం అక్కడికి తేలిపోయినట్టే.

ఇక్కడ జరిగే పొరపాటు, మూడో గడిలో రాయాల్సినవాటిని మొహమాటంతో రెండో గడిలోకి నెట్టడం. మీ పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండాక కూడా సమాజం వదిలి వెళ్లే వీల్లేదని మీరనుకుంటే అది ఇష్టపడి చేరినవాళ్ల సంగతి కాదు. బయటికి పోయే దారి లేనిది రెండో గడిలో ఇమడదు.

మూడో గడిలోని ప్రతి అంశానికీ మూడు పరీక్షలు

మొదటిది కారణం. మీ మతం ఊసెత్తకుండా ఆ కోరికకు రెండు వాక్యాల్లో కారణం రాయండి. హత్య చేయకూడదన్నది మతగ్రంథాల్లోనూ ఉంది కదా, మరి దాన్ని వదిలేయాలా? అక్కర్లేదు. గ్రంథంతో పని లేకుండా కూడా దానికి కారణం నిలబడుతుంది. చిక్కు ఎక్కడంటే, ముందు కోరిక పుట్టి తర్వాత ఆరోగ్యం, పరిశుభ్రత లాంటి కారణాలు వెతికి తగిలిస్తాం. దాన్ని పట్టుకోవడానికి ఒక ప్రశ్న ఉంది. ఈ ఆరోగ్య కారణం తప్పని రేపు రుజువైతే నేను ఈ డిమాండ్ వదులుకుంటానా? వదులుకోనంటే అది అసలు కారణం కాదు, పైపూత.

రెండోది తారుమారు. అదే డిమాండ్‌లో మీ మతం పేరు కొట్టేసి ఇంకో మతం పేరు రాసి చదవండి. మీకు నచ్చే మతం పేరు రాసుకుంటే పరీక్ష పాడైపోతుంది, ఏ మతం పేరు వింటే మీకు గుబులు పుడుతుందో అదే రాయాలి. పైగా మీ మతస్థులు నూటికి ఐదుగురే ఉన్న చోట మీరున్నట్టు ఊహించుకోవాలి. నూటికి ఎనభై మంది ఉన్నచోట కూర్చుని మాకేమీ అభ్యంతరం లేదనడం తేలిక.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పదునైనది, నిరాకరణ. కాదన్న మనిషికి ఏమవుతుంది? జరిమానా, జైలు, ఉద్యోగం పోవడం, బడిలో అవమానం, వీటిలో ఏదైనా ఉంటే అది బలవంతమే. కాగితం మీద ఐచ్ఛికం అని రాసినంత మాత్రాన సరిపోదు. అమెరికాలోని న్యూయార్క్ బడుల కోసం ప్రభుత్వ విద్యామండలి ఏ మతశాఖ పేరూ లేకుండా 22 పదాల ప్రార్థన ఒకటి రాయించింది. ఇష్టం లేని పిల్లలు పలకనక్కర్లేదు, బయటికి వెళ్లవచ్చు. అయినా 1962లో సుప్రీంకోర్టు అది చెల్లదంది, ప్రార్థనలు రాయించడం ప్రభుత్వం పని కాదని. కోర్టుకెక్కిన తల్లిదండ్రుల్లో నమ్మకమున్న యూదులూ ఉన్నారు. ఏడెనిమిదేళ్ల పిల్ల తరగతిలో అందరూ చూస్తుండగా లేచి బయటికి నడవడాన్ని స్వేచ్ఛ అని ఎలా అనగలం? ఆ తీర్పు తన మానాన తాను ప్రార్థించుకునే పిల్లవాడి జోలికి మాత్రం వెళ్లలేదు.

పదవిలో ఉన్నప్పుడు

ఉపాధ్యాయులు, పోలీసులు, గుమస్తాలు, న్యాయమూర్తులు ఒక లెక్క అదనంగా వేసుకోవాలి. నేను చేసే ఈ పని నా పేరు మీద జరుగుతోందా, కుర్చీ పేరు మీదా? భోజన విరామంలో ఒక మూల ప్రార్థించుకోవడం మీది. దరఖాస్తు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషితో ప్రార్థన చేయించడం కుర్చీ చేసే పని, ఆ మనిషి కాదనలేడు. మధ్యలో నిజంగా మసకగా ఉండే జాగా ఉంది. అమెరికాలో ఒక ఫుట్‌బాల్ కోచ్ ఆట ముగిశాక మైదానంలోనే మోకరిల్లి ప్రార్థించిన కేసులో 2022లో కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది, న్యాయమూర్తులు మాత్రం ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు చీలిపోయారు. జట్టులో చోటు కోచ్ చేతిలో ఉన్న కుర్రాడి వైపు నుంచి చూస్తే ఆ ముగ్గురి ఆందోళన నాకు సబబుగానే తోస్తుంది.

మీ గ్రంథాన్ని అడగాల్సిన ప్రశ్న

మీ మతంలోని పెద్దల దగ్గరికి వెళ్లి సెక్యులరిజం మంచిదా అని అడిగితే రాజకీయ ఉపన్యాసం వస్తుంది. బలవంతంగా చేయించిన ఆరాధనను దేవుడు స్వీకరిస్తాడా అని అడగండి, అసలు విషయం బయటికొస్తుంది. గీత పద్దెనిమిదో అధ్యాయంలో బోధంతా అయ్యాక కృష్ణుడు అర్జునుడితో అంటాడు, పూర్తిగా ఆలోచించి నీ ఇష్టం ఎలా ఉంటే అలా చెయ్యి, యథేచ్ఛసి తథా కురు అని. మతంలో బలవంతం లేదని ఖురాన్ రెండో సూరా, 256వ ఆయత్. మతవిషయంలో ఎవర్నీ ఒత్తిడి చేయరాదని కాథలిక్ చర్చి 1965లో రెండో వాటికన్ మహాసభ ప్రకటనలో తేల్చి చెప్పింది. అయితే ఒక్క వాక్యం పట్టుకుని గెలిచామనుకోకండి. అదే గ్రంథంలో ఎదుటి పక్షం చూపించే వాక్యాలూ ఉంటాయి, రెండు మూడు వ్యాఖ్యానాలు పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే.

ఏ రకం సెక్యులరిజం?

ఒప్పుకునే ముందు, కాదనే ముందు కూడా ఇది అడగాలి. ఫ్రాన్స్ 1905 చట్టం ఏ మతానికీ గుర్తింపు, జీతం, నిధులు ఇవ్వనంటుంది. 2004లో ప్రభుత్వ బడుల్లో విద్యార్థులు కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలు ధరించడాన్నీ నిషేధించారు. భారత రాజ్యాంగం 25వ అధికరణంలో మతస్వేచ్ఛ ఇస్తూనే, హిందూ ఆలయాల్లోకి అన్ని వర్గాలకూ ప్రవేశం కల్పించే అధికారం ప్రభుత్వానికిచ్చింది. టర్కీలో ఇమాములు ప్రభుత్వ ఉద్యోగులు. ఇవి మూడు వేరు వేరు ఏర్పాట్లు. 1905 చట్టాన్ని మెచ్చుకుంటూ 2004 చట్టాన్ని వ్యతిరేకించడంలో వైరుధ్యమేమీ లేదు, ఎందుకంటే మొదటిది ప్రభుత్వాన్ని కట్టేస్తుంది, రెండోది పిల్లల్ని. వాదనకు దిగినప్పుడు ఏ ఏర్పాటు గురించి మాట్లాడుతున్నారో ముందే చెప్పండి, సగం గొడవ తగ్గుతుంది.

మనస్సాక్షి కోసం మినహాయింపు అడగడం సెక్యులరిజానికి విరుద్ధమనుకునేవాళ్లూ ఉన్నారు. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడ్డారు, తమ మతనమ్మకం వల్ల పాడలేదు. బడి నుంచి పంపేస్తే 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. వాళ్లు పాడకపోవడం వల్ల పక్కవాడికి నష్టమేమీ లేదు. మినహాయింపు అడిగేటప్పుడు చూడాల్సింది అదే, దాని భారం ఎవరి మీద పడుతుంది? నా మీదే అయితే గట్టిగా అడగవచ్చు. ఇంకొకరి జీతం, వైద్యం, చదువు మీద పడితే ప్రత్యామ్నాయం కూడా నేనే చూపించాలి.

పొసగని చోట

మతం విడిచినవాణ్ణి ప్రభుత్వం శిక్షించి తీరాలి, అన్యమతస్థులకు ఓటు ఉండకూడదు లాంటివి మీ మూడో గడిలో ఉండి, పరీక్షల తర్వాత కూడా కదలకపోతే, మీ నమ్మకం ఆ రూపంలో సెక్యులరిజంతో కలవదు. కలుస్తుందని సర్దిచెప్పుకోవడం వల్ల అటూ ఇటూ కాకుండా పోతారు. ఆ ఒక్క అంశాన్ని తీసుకుని, అది నా మతం మూలసూత్రమా లేక ఏదో కాలంలో పాలకుల అవసరం కోసం చేరిందా అని దాని చరిత్ర చదవండి. అందరి మనసులోంచీ మతాన్ని తుడిచేయాలని కోరే నాస్తికుడికీ ఇదే కాగితం ఇవ్వండి. అతని మూడో గడి కూడా ఖాళీగా ఉండదు.