జీడి యూనిట్లో ఎవరి పని ఎంతో ఎలా లెక్కేయాలి, ఇన్సెంటివ్ ఎలా ఇవ్వాలి

పర్లాకిమిడి వైపు జీడి యూనిట్లు పెట్టుకున్న మనవాళ్ళు కొందరు సాయంత్రం కాటా వేసి, ఎక్కువ కిలోలు ఒలిచినామెకి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి అదే ప్రొడక్టివిటీ అనుకుంటారు. అలా కిలోలొక్కటే చూశారంటే పప్పు ముక్కలైపోవడానికి మీరే డబ్బులిస్తున్నట్టు.

ఎలాగో చూడండి, ఒకామె పొట్టు పోను 10 కిలోల పప్పు ఇచ్చింది, అందులో గుండు, అంటే విరగని నిండు పప్పు, 7 కిలోలు అనుకోండి, పక్కనామె 8 కిలోలే ఇచ్చింది గానీ గుండు 7.2 వచ్చింది. కాటా దగ్గర మొదటామెకే పేరు, కానీ ఆమె చేతిలో 3 కిలోలు బద్దా (రెండుగా చీలిన పప్పు) ముక్కా అయిపోయింది, రెండో ఆమెకి 800 గ్రాములే పోయింది, పైగా గుండు కూడా ఆమెదే ఎక్కువ. డబ్ల్యూ 320 అనే గుండు గ్రేడు అంటే పౌండుకి (దాదాపు 454 గ్రాములకి) 300 నుంచి 320 లోపు గుండ్లు తూగాలి, ఆ గ్రేడు రేటు బద్దకి ఎవరిస్తారు? అందుకే మామూలు కిలో రేటు ఉంచి, గుండు మీద కిలోకి ఇంత అని విడిగా కలపండి.

పొద్దున్న పప్పు ఇచ్చేటప్పుడు వాళ్ళ కళ్ళముందే తూచి చీటీ రాయండి, సాయంత్రం గుండు, బద్ద, ముక్క, పొట్టు వేరువేరుగా తూచి అదే చీటీ మీద ఎక్కించండి, నాలుగూ కలిపితే పొద్దుటి తూకానికి దగ్గరగా రావాలి. మన దగ్గర ఒడియా వాళ్ళు, సవర వాళ్ళు, తెలుగు వాళ్ళు కలిసి కూర్చుంటారు కదా, అందరికీ అన్ని అక్షరాలూ రావు, గుండుకి పచ్చ చీటీ బద్దకి పసుపు చీటీ పెట్టి అంకెలు పెద్దగా రాస్తే ఎవరి లెక్క వాళ్ళే చూసుకుంటారు.

చీటీ మీద లాట్ నంబరు, అంటే ఒకేసారి ఆరబెట్టిన సరుకు నంబరు, మాత్రం మర్చిపోవద్దు. బోర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే డ్రయ్యర్లో, సరిగ్గా ఆరని పప్పుకి పొట్టు అంటుకుని ఉంటుంది, ఎంత మంచి చెయ్యి అయినా అది విరుగుతుంది, వానాకాలం మరీను. ఆ తప్పు డ్రయ్యర్ దగ్గరది, ఒలిచినామెది కాదు. కాబట్టి ఒకే రోజు ఒకే లాట్ ఒలిచినవాళ్ళనే పోల్చండి, లాట్ మొత్తానికే గుండు తగ్గిందంటే ఎవరి డబ్బూ కోయకుండా డ్రయ్యర్ చూసుకోండి.

గింజ పెంకు కోసే కటింగ్ దగ్గర స్పీడుకి ఇన్సెంటివ్ అసలు పెట్టొద్దు, పెంకులోని జీడి నూనె తగిలితే చర్మం కాలిపోతుంది, తొందరలో గ్లవ్స్ తీసి పక్కన పడేస్తారు.

ఇన్సెంటివ్ నెలాఖరు దాకా ఆపకుండా వారం వారం సంత ముందు రోజు చేతిలో పెట్టండి. ఇది ఇచ్చాం కదా అని బోనస్ ఎగ్గొట్టడం కుదరదు, బోనస్ చట్టం కిందికొచ్చే యూనిట్ అయితే జీతం మీద కనీసం 8.33 శాతం ఇవ్వాలి, పై పరిమితి 20 శాతం. కిలో లెక్కన ఇచ్చే కూలి కూడా గవర్నమెంటు కనీస వేతనం కంటే తగ్గకూడదు.

ఇంకోటి, చెయ్యి తిరిగి ఎవరైనా బాగా సంపాదిస్తుంటే కిలో రేటు తగ్గించే ఓనర్లు ఉన్నారు, ఒక్కసారి అలా చేశారంటే మర్నాటి నుంచి అందరూ కూడబలుక్కుని నెమ్మదిగా ఒలుస్తారు, వాళ్ళది తప్పనీ అనలేం. సీజన్ మొదట్లోనే రేటు రాసి గోడకి అంటించేయండి, సీజన్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు.